రేపటికి కొంచెం మిగలాలి: మా వీధిలో 19 మంది పిల్లలు, 30 రోజులు, 1,930 రూపాయలు

సెలవుల్లో పిల్లల్ని ఎట్లా ఆడించాలని నన్నెవరైనా అడిగితే ముందు నా రంగుల పుస్తకాల కథ చెప్తాను. 19 మంది పిల్లలకు ఒక్కోటి 30 రూపాయల చొప్పున 570 రూపాయలు పెట్టి కొన్నాను. రెండు రోజుల్లో వాటి పని అయిపోయింది. ఎవరూ పుస్తకం మొత్తం నింపలేదు, తలా నాలుగు పేజీలు గీకి ఇంట్లో పడేశారు. మూడో రోజు పొద్దున వేపచెట్టు కింద చాప పరిచి కూర్చుంటే తొమ్మిది మందే వచ్చారు, వాళ్ళలో ఇద్దరు నా పిల్లలే.

నేను అనంతపురంలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మాకు ఏప్రిల్ 23 బడికి చివరి రోజు, మళ్ళీ తెరిచేది జూన్ 12న. మధ్యలో 49 రోజులు. మా వీధిలో ఎక్కువగా ఆటో నడిపేవాళ్ళు, టైలర్లు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్ళు ఉంటారు. తల్లిదండ్రులు ఇద్దరూ పొద్దున్నే పనికి పోతే పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటారు, ఫోన్ ఉన్న ఇంట్లో ఫోన్ దగ్గర ఉంటారు. బయట స్కేటింగు, డాన్సు, కరాటే అని బోర్డులు పెట్టినచోట నెలకు రెండు మూడు వేలు అడుగుతున్నారు, ఇద్దరు పిల్లలుంటే అది ఒక నెల ఇంటి బాడుగ. 2025లో సెలవులు మొదలైన మూడో రోజే మా వాడు టీవీ రిమోట్ కోసం వాళ్ళక్క చెయ్యి కొరికాడు. సరే, ఎట్లాగూ ఇద్దర్ని చూసుకోవాలి, వీధిలో మిగతావాళ్ళని కూడా కలుపుకుందాం అనుకున్నాను. అంతకంటే గొప్ప ఉద్దేశం ఏమీ లేదు.

ఏప్రిల్ 28 సోమవారం మొదలుపెట్టి మే 31 దాకా, ఆదివారాలు వదిలేసి, సరిగ్గా 30 రోజులు నడిపాను. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది వరకు ఒకసారి, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు వరకు ఇంకోసారి. ఆరేళ్ళ పిల్ల నుంచి పదమూడేళ్ళ పిల్లోడి దాకా ఉన్నారు. రోజూ ఎవరు వచ్చారో రాసిపెట్టుకున్నాను, టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

నేను చేసిన తప్పు

మొదటి రోజే టైం టేబుల్ గోడకు అంటించాను. 6:30 నుంచి 7:15 రంగులు, 7:15 నుంచి 8 కథ, తర్వాత ఆటలు. గంట ఒక్కటే కొట్టలేదు. మొదటి రోజు 19 మంది, రెండో రోజు 14, మూడో రోజు తొమ్మిది. సెలవుల్లో ఇంకో బడి ఎవరికి కావాలి? పైగా నేనిచ్చే ప్రతి పనీ ముప్పావు గంటలో పూర్తయ్యేలా పెట్టాను. బళ్ళో అది మంచి అలవాటే, పీరియడ్ అయ్యేలోపు పాఠం ముగియాలి. ఇక్కడ మాత్రం అదే దెబ్బ కొట్టింది. పని పూర్తయ్యాక పిల్లలకు రేపు మళ్ళీ రావడానికి కారణమే లేదు. అది అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది, అర్థం చేయించింది కూడా నేను కాదు, ఒక కర్ర.

మొదటి రోజు కథ చెప్పేటప్పుడు మాటల్లో మాటగా, "ఎల్లుండి మధ్యాహ్నం మన నీడలు మాయమైతాయి" అన్నాను. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీల ఉత్తరం. సూర్యుడు వేసవిలో కర్కాటక రేఖ వైపు జరుగుతూ పోయేటప్పుడు ఏప్రిల్ 30 ప్రాంతంలో సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు, ఆ రోజు మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన దేనికీ పక్కన నీడ పడదు. కడపకు ఇది దాదాపు ఒకరోజు ముందు, కర్నూలుకు మూడు నాలుగు రోజుల తర్వాత వస్తుంది. నేను చెప్పి మర్చిపోయాను. నాలుగో ఇంట్లో ఉండే ఆరో తరగతి అబ్బాయి మర్చిపోలేదు. "యాడన్నా నీడ మాయమైతాదా, టీచర్ అబద్ధం చెప్తాంది" అని పందెం కట్టి, వాళ్ళ మిద్దె మీద సిమెంటు డబ్బాలో ఒక కర్ర పాతి, ఆ రోజే నీడ కొసన సుద్దతో గీత పెట్టాడట. మంగళవారం ఇంకో గీత. గీతలు దగ్గరకొస్తున్నాయి. బుధవారం పొద్దున నా చాప దగ్గరికి రాని పిల్లలందరూ వాడి మిద్దె మీద ఉన్నారు!

నేను సిగ్గు విడిచి అక్కడికే వెళ్ళాను. టైం మాత్రం చెప్పాను, పన్నెండు గంటలకు కాదురా, పన్నెండు పదిహేడుకు అని. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి, మనం దానికి పడమర ఉన్నాం కాబట్టి సూర్యుడు మన దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆలస్యం. పన్నెండు పదికల్లా 17 మంది మిద్దె ఎక్కారు, తలకు తడిగుడ్డలు, చేతుల్లో సీసాలు, ఒకామె చేతిలో ఇత్తడి చెంబు. పది నిమిషాలకు మించి ఎవరూ ఎండలో ఉండకూడదని ముందే గట్టిగా చెప్పాను. పన్నెండు పదిహేడు అయ్యేసరికి కర్ర నీడ కర్ర కిందికి దూరింది. చెంబు చుట్టూ ఏమీ లేదు. పిల్లల నీడలు వాళ్ళ కాళ్ళ దగ్గర చిన్న మడుగుల్లాగా ముడుచుకున్నాయి. ఒకడు నీడ బాగా కనబడాలని చెప్పులు విప్పి బండ మీద నిలబడి, కెవ్వుమని అరిచి, మెట్ల దాకా ఎగురుకుంటూ పోయాడు. అరికాళ్ళు ఎర్రగా కమిలాయి, బొబ్బలు రాలేదు. తప్పు నాదే, తలకు గుడ్డ చెప్పాను, కాళ్ళకు చెప్పులు చెప్పలేదు. మీరు చేస్తే ముందు చెప్పుల సంగతి చూడండి.

ఆ సాయంత్రం ఇంకో సంగతి బయటపడింది. పందెం ఓడిపోయిన ఆ అబ్బాయి ఊరికే ఉండక, "మరి రేపు?" అని అడిగాడు. రేపటి నుంచి సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, మధ్యాహ్నం నీడ దక్షిణం వైపు పడుతుంది అని చెప్పాను. వాడు మళ్ళీ నమ్మలేదు. అంతే, మే నెలంతా రోజుకొకరు వంతులేసుకుని, ఒక్క నిమిషం పైకెళ్ళి గీత పెట్టి దిగేవాళ్ళు. మే 31కి మీటరు కర్ర నీడ దక్షిణం వైపు పన్నెండున్నర సెంటీమీటర్లు పెరిగింది. ఖర్చు సున్నా. ఆ రాత్రే టైం టేబుల్ చింపేశాను. ఆ తర్వాత ఏ పని మొదలుపెట్టినా ఒకటే చూసుకున్నాను: ఇది ఈరోజు అయిపోతుందా, రేపటికి మిగులుతుందా? అయిపోయేదైతే పక్కన పెట్టేశాను.

పులిజూదం తాత

మా ఇంటి వరండాలో తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. నల్లటి బండ మీద సుద్దగీత పలక మీద రాసినట్టు కనబడుతుంది. వీధి చివర ఎనభై దాటిన తాత ఒకాయన ఉన్నాడు, పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని పేపరు చదివి వెళ్తాడు. ఆయన్ని పులిజూదం నేర్పమని అడిగాను. సుద్ద తీసుకుని ఒక్క నిమిషంలో త్రికోణం, అడ్డగీతలు గీశాడు, 23 చోట్లు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. మేకల్ని ఒక్కొక్కటే దించాలి, పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు, పులి మాత్రం ఖాళీ దొరికితే మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలన్నీ కలిసి పులికి కదిలే దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద ఈ గీతలు చెక్కి ఉండడం చాలామంది చూసే ఉంటారు, అవి ఏమిటో పిల్లలకు మాత్రం అప్పుడే తెలిసింది.

తాత ఐదు రోజులు వరసగా అందరినీ ఓడించాడు. చిన్నపిల్లలని జాలి లేదు ఆయనకు, అదే పనిచేసిందని నా నమ్మకం. "పులిని కొసకు తోలుకోని పోరా, అప్పుడు చూడు" అని ఒక్క మాట చెప్పి లేచి వెళ్ళేవాడు. ఆరో రోజు ఎనిమిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు కలిసి మేకలతో ఆయన్ని కట్టేశారు. ఈ వయసు పిల్లలే నాకు పెద్ద టెన్షన్, వాళ్ళు చిన్నోళ్ళతో కూర్చోరు, క్రికెట్ అని ఎండలో పోతారు. తాతను ఓడించాలన్న పట్టుదల వాళ్ళను వరండాలో కూర్చోబెట్టింది.

అష్టాచెమ్మా దగ్గర ఇంకో తమాషా. ఐదు గళ్ళు అడ్డం, ఐదు గళ్ళు నిలువు అందరికీ ఒకటే. చింతగింజల్ని బండకు ఒక పక్క అరగదీసి, నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, ఇందులోనూ గొడవ లేదు. లోపలి గళ్ళలోకి పోవాలంటే ఎదుటివాళ్ళ కాయను ఒక్కసారైనా చంపి ఉండాలా అక్కర్లేదా అన్నదగ్గర మాత్రం రెండు కుటుంబాల మధ్య మాటా మాటా పెరిగింది. పిల్లల మధ్య అయితే సర్దేదాన్ని, ఇద్దరు అవ్వలు రోడ్డు మీదికొచ్చారు. "మా అమ్మగారింట్లో ఇట్లే ఆడేవాళ్ళం, నువ్వు పుట్టకముందు నుంచి" అని ఒకావిడ. చివరికి పిల్లలకే ఒక నోట్‌బుక్ ఇచ్చి ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో ఏ రూలో రాసుకురమ్మన్నాను. వారం పట్టింది. రూల్స్ కోసం పోయినవాళ్ళు పొడుపు కథలు కూడా తెచ్చారు. "అరవై గదులు, గదికొక సిపాయి, సిపాయికొక తుపాకి" అంటే తేనెపట్టు అని మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు, రెండో తరగతి పిల్ల ఆలోచించి చెప్పింది.

మధ్యాహ్నం పది నుంచి నాలుగు

ఇది కష్టమైన భాగం, దీన్ని నేను పూర్తిగా సాధించానని చెప్పలేను. 41, 42 డిగ్రీల ఎండలో పిల్లల్ని ఎక్కడా పోగు చెయ్యలేం. ఇంట్లో ఉంటారు, ఇంట్లో ఫోన్ ఉంటుంది. ఫోన్ లాక్కోమని నేను ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లోనే కుదరలేదు. చేసిందల్లా ఏమిటంటే పొద్దున పనిలో ఒక ముక్క ఇంటికి పంపడం, గింజలు అరగదీయడం, అవ్వను అడిగి రాసుకురావడం, బొమ్మకు చిల్లులు పొడవడం లాంటివి. చేసుకొచ్చిన వాళ్ళకే సాయంత్రం ఆటలో ముందు వంతు. సగం మంది చేసేవాళ్ళు.

కుండల ప్రయోగం మాత్రం మధ్యాహ్నానికి బాగా కుదిరింది. వంద రూపాయల చొప్పున మూడు చిన్న కుండలు కొన్నాను. ఒకటి వరండాలో గాలి తగిలేచోట, ఒకటి తలుపులు మూసిన గదిలో, మూడోదానికి చుట్టూ ప్లాస్టిక్ కవరు గట్టిగా కట్టి వరండాలోనే. పక్కన ఒక స్టీలు బిందె. బడి నుంచి హెడ్మాస్టరుగారిని అడిగి థర్మామీటరు తెచ్చాను. మధ్యాహ్నం మూడుకు వరండాలో 38 ఉంటే గాలి తగిలే కుండలో నీళ్ళు 27, గదిలో కుండ 30, కవరు కట్టింది, స్టీలు బిందె రెండూ 35 పైనే. కుండ నీళ్ళు ఎందుకు చల్లగుంటాయో పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన పిల్లలే కవరు కట్టిన కుండను పదేపదే తడిమి చూశారు. మన రాయలసీమ పొడిగాలికి చెమర్చిన నీళ్ళు తొందరగా ఆవిరవుతాయి, అందుకే కుండ ఇక్కడ ఇంత బాగా పనిచేస్తుంది, సముద్రం పక్క ఊళ్ళలో గాలి తడిగా ఉంటుంది కాబట్టి ఇంత తేడా రాదు. తర్వాత ఆ కుండల్లోనే మజ్జిగ పోసుకున్నాం.

తోలుబొమ్మల బదులు పెళ్ళి పత్రికలు

మా ఇంట్లో నిమ్మలకుంట నుంచి తెచ్చిన తోలు ల్యాంప్ షేడ్ ఉంది. ఒక సాయంత్రం దాన్ని వెలిగిస్తే పిల్లలు గోడ మీద రంగుల్ని చూసి ఇది ఎట్లా చేస్తారని అడిగారు. నిమ్మలకుంట మాకు దగ్గరే, ధర్మవరం మండలం. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా శుభ్రం చేసి, రంగులద్ది, నగలు కనబడాలన్నచోట చిన్న చిన్న చిల్లులు పెడతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలందర్నీ తీసుకుపోవాలనిపించింది గానీ బస్సు ఖర్చు, ఎండ లెక్కేసుకుని ఆగిపోయాను.

ఇంట్లో ఏముందో దానితో చేశాం. ప్రతి ఇంట్లో పాత పెళ్ళి పత్రికల కట్ట ఒకటి ఉంటుంది. ఆ అట్టతో చేసిన బొమ్మకు నల్లటి నీడ పడుతుంది. రంగు నీడ కావాలంటే మామూలు డ్రాయింగ్ షీటు మీద బొమ్మ వేసి, రంగులద్ది, ఆరాక వెనక శెనక్కాయల నూనె పలచగా రాస్తే కాగితం వెలుతురు దూరేలా తయారవుతుంది. నూనె ఎక్కువైతే బొమ్మ వేలాడిపోతుంది, మొదటి ఆరు బొమ్మలు అట్లాగే పోయాయి. పసుపు నుంచి పసుపు రంగు, దాంట్లో కాస్త సున్నం కలిపితే ఎరుపు. స్కెచ్ పెన్నులు 240 రూపాయలకు కొని ఉంచాను, సున్నం పడగానే పసుపు ఎర్రబడడం చూశాక వాటిని ముట్టినవాళ్ళే లేరు. చేతులు కాళ్ళు విడిగా కత్తిరించి దారంతో ముడివేయడం, వెనక పొరకపుల్లలు కట్టడం, సూదితో చిల్లులు పొడవడం, ఇదంతా మూడు వారాలు సాగింది. సూదులు మాత్రం పెద్దపిల్లల చేతికే.

కథ వాళ్ళే రాసుకున్నారు. రామాయణం వేద్దామన్నాను, ఎవరూ ఒప్పుకోలేదు. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు రావడం, బిందెల కొట్లాట, మధ్యలో ఒక కుక్క ఖాళీ బిందెలో తల ఇరికించుకోవడం, ఇదీ వాళ్ళ కథ. మాటలన్నీ మా వీధివే. "మేయ్, నా బిందె ముందర పెట్టింటి, యాడికి పోయింది?" అని ఒక బొమ్మ అరుస్తుంటే ఆ మాట నిజంగా అనే ఆవిడ ముందువరసలో కూర్చుని అందరికంటే ఎక్కువ నవ్వింది.

మే 31 రాత్రి మిద్దె మీద తెల్లపంచె కట్టి, వెనక బల్బు పెట్టాం. వైరింగ్ పని మా ఆయన చేశాడు, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. మొదలైన ఐదు నిమిషాలకు కరెంటు పోయింది. ఎవరో ఆటో నడిపే ఆయన ఫోన్ టార్చి వెలిగించి తెర వెనకకు ఇచ్చాడు. బల్బు కంటే ఫోనుకే నీడలు పదునుగా పడ్డాయి, వెలుగు ఒక చిన్న చుక్క నుంచి వస్తుంది కదా. నెల రోజులు ఫోనుకు దూరంగా ఉంచాలని నేను పడ్డ తిప్పలు చూసినవాళ్ళు అప్పుడు నన్ను చూసి నవ్వారు.

ఖర్చు, రాకపోకలు, పోయినవి

సుద్దముక్కలు 60, మైదా జిగురుకు 50, దారం సూదులు 90, బల్బు, హోల్డరు, వైరు 140, కుండలు 300, సాయంత్రం బొరుగులు, బెల్లం, శెనక్కాయలకు నెల మొత్తం 480. మజ్జిగ ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని ఇచ్చారు. రంగుల పుస్తకాలు 570, పెన్నులు 240 కలిపితే 1,930. ఆ చివరి రెండూ దండగ, అవి తీసేస్తే 1,120, అంటే పిల్లకు 59 రూపాయలు. మొదటి వారంలో తొమ్మిదికి పడిపోయిన సంఖ్య రెండో వారం నుంచి 15కు తగ్గలేదు. మధ్యలో ముగ్గురు వాళ్ళ అవ్వగారి ఊరికి పోయారు, ఒకడు తిరిగొచ్చేటప్పుడు సంచీ నిండా చింతగింజలు తెచ్చాడు.

కుదరనివి ఇంకా ఉన్నాయి. గ్రంథాలయానికి పదకొండు మందిని నడిపించుకుని పోతే తాళం వేసి ఉంది, ఆ రోజు శుక్రవారం. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవని తెలిసినదాన్నే, వారం మర్చిపోయాను, సెలవుల్లో ఏ వారమో ఎవరికి గుర్తుంటుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆరుగురే వచ్చారు. ఆడపిల్లలు ఇద్దరు మొదటి వారం మానేస్తే అడిగాను, చెల్లెల్ని, తమ్ముణ్ణి చూసుకోవాలట. చంకనెత్తుకునే తెచ్చుకోమన్నాను. దాంతో రెండేళ్ళ పిల్లలు ఇద్దరు తయారయ్యారు, గవ్వలు మింగుతారేమోనని వాళ్ళమీదే నా కళ్ళు, అందుకే గవ్వలు పూర్తిగా తీసేశాను, చింతగింజలు కూడా వాళ్ళకు అందనంత ఎత్తులో పెట్టేదాన్ని. ఒక తల్లి మాత్రం నిష్ఠూరంగా అంది, "ఆడుకునేదానికి మీరెందుకు టీచరమ్మా, రెండు లెక్కలు చెప్పిండొచ్చు గదా" అని. ఆమెకు నీడ గీతల నోట్‌బుక్ చూపించాను. తిప్పి చూసి, "ఇందులో ఎక్కాలు ఏవీ?" అంది. ఆమెను ఒప్పించలేకపోయాను.

ఈసారి చేస్తే కర్రను మొదటి రోజే పాతుతాను, రంగుల పుస్తకాల జోలికి పోను, పెద్దపిల్లల కోసం ఇంకో తాతను వెతుక్కోవాలి, ఉన్న తాతకు ఇప్పుడు కాళ్ళనొప్పులు ఎక్కువయ్యాయి.

అదే సూర్యుడు తిరిగి దక్షిణానికి పోతూ ఆగస్టు 12 ప్రాంతంలో ఇంకోసారి మన నెత్తి మీదికి వస్తాడని మే నెలలోనే చెప్పి ఉన్నాను, ఆ రోజు టైము పన్నెండు ఇరవై ఐదు అని కూడా. 2025 ఆగస్టు 12 మంగళవారం, బడి ఉంది, మా బళ్ళో నేను అన్నాల దగ్గర నిలబడి ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పందెం అబ్బాయి గేటు దగ్గర ఉన్నాడు. మధ్యాహ్నం బళ్ళో జెండా కర్ర దగ్గరికి పోయి చూశాడట. ఆకాశం నిండా మబ్బులు. "నీడ లేదు టీచర్. కానీ పదకొండుకు కూడా లేదు, ఒంటిగంటకు కూడా లేదు. అది లెక్కకొస్తాదా, రాదా?"